జీతం బాగానే ఉంది, పని మీద మనసు లేదు: ఉద్యోగం మానాలా, మారాలా?

రేణిగుంట రైలు:
అందరికీ నమస్కారం. నా వయసు 36. మెకానికల్ డిప్లొమా చేసి, శ్రీసిటీ పారిశ్రామికవాడలో విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. చేరి తొమ్మిదేళ్లు దాటింది. ఇల్లు తిరుపతిలో. కంపెనీ బస్సులో రానూపోనూ రోజుకు నాలుగు గంటలు పోతాయి. జీతం గురించి ఫిర్యాదు లేదు. ఇంటి రుణం వాయిదా, పాప బడి ఫీజు, అమ్మ మందులు పోను కొంత మిగులుతుంది కూడా.

అయినా పొద్దున బస్సు ఎక్కాలంటే కాళ్లు రావడం లేదు. కొలతలు తీయడం, నివేదికలు నింపడం, కొనుగోలుదారు తిప్పి పంపిన సరుకుకు సంజాయిషీ రాయడం. ఏడాదికేడాది ఇదే తంతు. నాతో చదివినవారిలో ఒకడు బెంగళూరులో సొంతంగా వర్క్‌షాపు పెట్టాడు. ఇంకొకడు ఉద్యోగం వదిలేసి ఊళ్లో తోట చూసుకుంటున్నాడు. వాళ్ల ఫొటోలు చూస్తే నేను ఎక్కడ ఆగిపోయానా అనిపిస్తుంది. వ్యక్తిత్వ వికాసం మీద వీడియోలు లెక్కలేనన్ని చూశాను. అన్నీ 'నీకు ఇష్టమైన పని చెయ్యి' అనే చెబుతాయి. ఆ ఇష్టమైన పని ఏదో తెలిస్తే ఇక్కడికి వచ్చి అడిగేవాణ్ని కాదు కదా.

కొన్నాళ్లు మానేసి, ఇంట్లో ఉండి, నిదానంగా ఆలోచించుకుందామా అని ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

రాత్రి డ్యూటీ:
ఇంట్లో ఉండి నిదానంగా ఆలోచించుకోవడం అనేది పెళ్లికాని వారికి, ఆస్తిపరులకు కుదిరే పని. మొదటి వారం నిద్రపోతారు, రెండో వారం గ్యాసు సిలిండరు మీరే తెస్తారు, మూడో వారానికి బంధువులు ఆరా తీయడం మొదలుపెడతారు. ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. విసుగు నాకూ తెలుసు. కానీ జీతం ఆగిన ఇంట్లో నిదానం ఉండదు.

మామిడి తోట:
తమ్ముడూ, ఆ తోట ఫొటో పంపినవాడు నేను కాదు గానీ, అలాంటివాణ్నే. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం మాని బంగారుపాళ్యం దగ్గర మా నాన్న నాటిన తోట చూసుకుంటున్నాను. ఒక్క సంగతి చెబుతాను విను. మేము ఫొటోలు తీసేది పూత మీద ఉన్నప్పుడు. కాయ కోసి, ట్రాక్టరుకు ఎత్తి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడ్డప్పుడు ఎవడూ ఫొటో తీసుకోడు.

2025 వేసవిలో తోతాపురి మామిడి పరిస్థితి పేపర్లలో చదివే ఉంటావు. కాపు విరగబడి వచ్చింది, అడిగేవాడు లేడు. చివరకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం తన వంతుగా 4 రూపాయలు, మొత్తం 12 అని తేల్చారు. ఆ 12 చేతికి వచ్చేలోపు కోత కూలీ ఇవ్వాలి, బండి బాడుగ ఇవ్వాలి. ట్రాక్టర్ల బారు కదలదు. తొట్టిలో అడుగున ఉన్న కాయ వేడికి మెత్తబడి రసం కారుతుంటుంది. ఆ వాసన తీయగా ఉంటుంది, అదే విచిత్రం. నష్టం వాసన అంత తీయగా ఉంటుందని నాకు ఉద్యోగంలో ఎవరూ చెప్పలేదు.

తిరిగి వెళ్తావా అని అడిగితే వెళ్లను. ఈ పని నాకు ఇష్టం. అయితే నాకు ఇష్టమని చెప్పి కాయ ధర పెరగదు. నా భార్యకు పలమనేరులో ఉద్యోగం ఉంది కాబట్టి ఇల్లు నడుస్తోంది. ఈ మాట ఏ ఫొటోలోనూ కనబడదు.

అరవై దాటిన మాస్టారు:
నాయనా, మానాలా వద్దా అనే ముందు ఒక పని చెయ్యి. ఎందుకు మానాలనుకుంటున్నావో ఒక్క వాక్యంలో రాసి చూసుకో.

మన చిత్తూరు పక్క కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి. 1930లో రాజీనామా చేశారు. ఎందుకు అంటే, జాతీయోద్యమం మీద ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా. అంతే, ఒక్క వాక్యం. ఎవరికి చెప్పినా అర్థమవుతుంది. ఆరేళ్ల తర్వాత, 1936లో, అదే పదవికి తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. రాజీనామా చేసినవాడు మళ్లీ అదే గుమ్మం తొక్కకూడదన్న నియమం ఏమీ లేదు. కానీ వెళ్లేటప్పుడు కారణం స్పష్టంగా ఉండాలి. 'మనసు లేదు' అనేది కారణం కాదు, లక్షణం.

అలిపిరి మెట్టు:
మాస్టారూ, చరిత్ర బాగుంది. రెడ్డి గారికి ఇంటి రుణం వాయిదా మాత్రం ఉండి ఉండదు.

అరవై దాటిన మాస్టారు:
వాయిదా ఉన్నవాడికి ఒక్క వాక్యం ఇంకా అవసరం, బాబూ.

లెక్కల చిట్టా:
నేను మనసు సంగతి మాట్లాడను, అది నాకు రాదు. డబ్బు సంగతి చెబుతాను.

మొదటిది, భవిష్యనిధి (పీఎఫ్). దానితో పాటే నడిచే ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు నిండితేనే 58 ఏళ్లకు నెలవారీ పింఛనుకు అర్హత. మీకు తొమ్మిది దాటింది. ఇప్పుడు మానేసి మొత్తం డబ్బు తీసేసుకుంటే ఆ హక్కు పోతుంది. మానినా తీయకండి. వేరే కంపెనీలో చేరితే పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్య) నే ఇచ్చి ఖాతా బదిలీ చేయించుకుంటే సర్వీసు కలిసి వస్తుంది.

రెండోది, గ్రాట్యుటీ. ఐదేళ్లు నిండాయి కాబట్టి మీకు వస్తుంది. చివరి మూలవేతనం, కరువు భత్యం కలిపి 30,000 అనుకుందాం. దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, తొమ్మిదేళ్లతో హెచ్చిస్తే సుమారు 1,55,769 రూపాయలు. చాలామంది దీన్ని పెద్ద మొత్తం అనుకుంటారు. ఇంటి వాయిదా, ఫీజు, మందులు, సరుకులు కలిపి మీ నెల ఖర్చు ఎంతో రాసుకుని దీన్ని దానితో భాగించండి. ఎన్ని నెలలు వస్తుందో చూసి అప్పుడు రాజీనామా ఉత్తరం రాయండి.

మూడోది అందరూ మరిచిపోయేది. అమ్మగారి మందుల గురించి రాశారు. ఆమె మీ కంపెనీ సామూహిక ఆరోగ్య బీమాలో ఉండి ఉంటే, మీరు మానిన రోజుతో అది ఆగిపోతుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు. కాబట్టి పాలసీ ముందు, రాజీనామా తర్వాత.

కలం పట్టిన చేయి:
ఇష్టమైన పనిలోకి వెళ్లినవారి మాట వింటారా? బీమా కార్యాలయంలో ఉద్యోగం మాని శ్రీకాళహస్తిలో కలంకారీ చేస్తున్నాను. మా మేనమామ ఇంట్లో చిన్నప్పుడు చూసిన పనే.

జనం ఊహించుకునేది ఏమిటంటే, నేను రోజంతా కిటికీ పక్కన కూర్చుని చెట్టు కింద కృష్ణుణ్ని గీస్తూ ఉంటానని. నిజానికి పొద్దున లేచి చేసే పని గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండబెట్టడం. పాలలో కొవ్వు ఉంటేనే రంగు పక్కకు పాకదు. ఆ గుడ్డ ఎండేదాకా వచ్చే వాసనకు కొత్తవారు ముక్కు మూసుకుంటారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే నల్లరంగు వస్తుంది. దాన్ని కలంతో పెడితే మొదట వెలిసినట్టు ఉండి, కరక్కాయ తగిలిన గుడ్డ మీద చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ కాసేపు మాత్రం ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తాను. తర్వాత ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూయడం, రంగులో ఉడకబెట్టడం, పారే నీటిలో ఉతకడం. పూర్వం స్వర్ణముఖిలో ఉతికేవారు. ఏరు ఎండితే బోరు నీళ్లే గతి.

ఇదంతా అయ్యాక మిగతా సగం రోజు ఏమిటో చెప్పనా? పార్శిళ్లు కట్టడం. ఇదే బొమ్మ తెరముద్రతో (స్క్రీన్ ప్రింటింగ్‌తో) వేసింది సగం ధరకు దొరుకుతోంది కదా అని అడిగేవారికి తేడా వివరించడం. ఫోనులో ఫొటో చూసి 'ఈ ఆకుపచ్చ కొంచెం ముదురుగా వేయగలరా' అనేవారికి ఓపికగా జవాబివ్వడం. నేను వదిలి వచ్చిన కార్యాలయంలో చేసినదీ ఇదే, ఖాతాదారులకు ఓపికగా జవాబివ్వడం.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పనిలో ఏ భాగం మిమ్మల్ని తినేస్తోంది? ఏ భాగం చేస్తున్నప్పుడు గడియారం చూడరు? రెండూ విడదీయకుండా కొత్త పనిలోకి వెళ్తే, తినేసే భాగం మీ వెంటే వస్తుంది.

విజయపథం శిక్షణ:
(ఈ సందేశం తొలగించబడింది.)

నిర్వాహకులు:
రుసుము కట్టించుకునే తరగతుల ప్రకటనలు ఇక్కడ వేయవద్దని ముందే చెప్పాం. మళ్లీ వేస్తే సభ్యత్వం రద్దు.

అలిపిరి మెట్టు:
మంచి పని చేశారు. ఈ వారాంతపు తరగతుల మీద నాకు ఒక మాట ఉంది. హోటల్ హాలులో కూర్చోబెట్టి, పాటలు పెట్టి, చప్పట్లు కొట్టించి, 'నువ్వు సింహానివి' అని చెప్పి పంపుతారు. సోమవారం సింహం మళ్లీ అదే కంపెనీ బస్సు ఎక్కాలి. ఆ హుషారు దిగిపోయాక వచ్చే నీరసం మునుపటి కంటే ఎక్కువ. ఎందుకంటే ఈసారి తప్పు మనదే అనిపిస్తుంది, 'అంత చెప్పినా మారలేకపోయానే' అని. ఆ ఫీజుతో ఒక నైపుణ్యం నేర్చుకోవచ్చు. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం. పరీక్ష రాసి ధ్రువపత్రం కావాలనుకుంటేనే రుసుము.

నేను నెలకోసారి శ్రీవారి మెట్టు ఎక్కుతాను, 2,388 మెట్లు. దిగేటప్పటికి బుర్ర తేలికపడుతుంది. నాకు వచ్చిన వ్యక్తిత్వ వికాసం అంతే.

ఒక అధ్యాపకురాలు:
మనస్తత్వశాస్త్రం బోధిస్తాను కాబట్టి కొంచెం పాఠంలా ఉంటుంది, భరించండి. కలం పట్టిన చేయి గారు చెప్పిన విడదీసి చూడటానికి మా శాస్త్రంలో ఒక దారి ఉంది. ఎమీ రెజెస్‌నీవ్‌స్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2001లో ఒక వ్యాసం ప్రచురించారు. ఉద్యోగి తనకు అప్పగించిన పనిని తానే కొద్దికొద్దిగా మలుచుకోవడం గురించి. వాళ్లు చూసినవారిలో ఆసుపత్రిని శుభ్రం చేసే సిబ్బంది ఉన్నారు. పని ఒకటే. కొందరు దాన్ని ఊడ్చి తుడిచే పనిగానే చూశారు. మరికొందరు రోగి కోలుకోవడంలో తమకూ భాగం ఉందనుకుని, రోగులతో, వారి ఇంటివారితో మాట్లాడుతూ, నర్సులకు అవసరమైంది కనిపెట్టి అందిస్తూ పని పరిధిని పెంచుకున్నారు. ఆ రెండోవారు పనిని ఎక్కువ ఇష్టపడ్డారు.

మలుచుకోవడానికి మూడు చోట్లు ఉంటాయి: చేసే పనులు, కలిసే మనుషులు, ఆ పని దేనికో మనం చెప్పుకునే అర్థం. రేణిగుంట రైలు గారు ఉద్యోగం మానకుండానే వీటిలో ఏది మార్చగలరో చూడవచ్చు.

రాత్రి డ్యూటీ:
మేడం, కోపం తెచ్చుకోకండి. ఈ కథ నాకు ఎప్పుడు విన్నా ఒళ్లు మండుతుంది. కాంట్రాక్టు మీద ఊడ్చే అమ్మకు అర్థం చెప్పే ముందు జీతం నెలనెలా అందాలి, చేతికి మంచి గ్లౌజులు ఉండాలి. రోగితో ప్రేమగా మాట్లాడే ఆయమ్మలు మా దగ్గరా ఉన్నారు, వారి వల్లే వార్డు నడుస్తుంది. అలా మాట్లాడినందుకు వారికి ఒక్క రూపాయి పెరగలేదు. పనిలో తృప్తి వెతుక్కో అని చెప్పడం యజమానికి చాలా చవక.

ఒక అధ్యాపకురాలు:
మీ అభ్యంతరం సరైనదే. ఆ వ్యాసం మీద వచ్చిన విమర్శల్లోనూ అది ఉంది: ఉద్యోగి చేసే అదనపు శ్రమ లెక్కలోకి రాకుండా పోతుందని. నేను తరగతిలో చెప్పేటప్పుడు జీతం, భద్రత, పని గంటలు సరిగా ఉన్నచోటే ఈ మాట చెప్పాలని అంటాను. ఈయన జీతం గురించి ఫిర్యాదు లేదన్నారు కాబట్టి ఇక్కడ చెప్పాను.

రేణిగుంట రైలు:
అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పినట్టు ఒక్క వాక్యం రాద్దామని బస్సులో కూర్చున్నాను. మూడు వచ్చాయి. ఒకటి, ప్రయాణం ఒళ్లు గుల్ల చేస్తోంది. రెండు, నివేదికలు ఎవరూ చదవరు, నాకు తెలుసు. మూడు, చాలాకాలంగా కొత్తది ఏదీ నేర్చుకోలేదు. మూడింటిలో ఏదీ 'నాణ్యత విభాగం నాకు ఇష్టం లేదు' అని చెప్పడం లేదు. అది నాకే ఆశ్చర్యంగా ఉంది.

గడియారం చూడని సమయం ఏది అని అడిగారు కదా. కొత్త అప్రెంటిస్‌లు వచ్చిన వారం. ఐటీఐ చదివి వచ్చిన పిల్లలు మైక్రోమీటరు (సన్నని కొలతలు తీసే పరికరం) పట్టుకుంటారు గానీ, నూటికి తొంభైమంది దాని స్లీవు, అంటే కదలని గొట్టం, మీద అర మిల్లీమీటరు గీత బయటికి వచ్చిందో లేదో చూడరు. 12.97 ఉన్నదాన్ని 12.47 అని ధీమాగా చదువుతారు. చివర ఉండే రాట్చెట్ తిప్పకుండా, తిరిగే గొట్టాన్నే (థింబుల్) పట్టుకుని బిగించేస్తారు. పక్కన నిలబడి, 'ముందు రెండు అంచులూ తుడువు, మూసి చూడు, సున్నా సున్నాతో కలిసిందా?' అని అడుగుతాను. రెండు మూడు రోజులకు వాడే పక్కవాడిని 'అర గీత చూశావా' అని అడుగుతాడు. ఆ వారం నాకు టీ విరామం కూడా గుర్తుండదు. ఇది అసలు నా పని కాదు. శిక్షణ ఇచ్చే మనిషి లేడు కాబట్టి నన్ను పిలుస్తారు.

కలం పట్టిన చేయి:
మీ జవాబు మీరే రాసుకున్నారు, చూసుకోండి.

మామిడి తోట:
తమ్ముడూ, నీ పోస్టు చదివి మా ఇంట్లో పాత మైక్రోమీటరు లేదే అని బాధపడ్డాను. నువ్వు మాస్టారివి.

లెక్కల చిట్టా:
దీనికి చట్టంలో ఒక ఆధారం ఉంది. అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. ఇప్పుడున్న నిబంధన ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. అంటే మీ కంపెనీకి ఏటా కొత్త పిల్లలు రాక తప్పదు, వాళ్లకు నేర్పే మనిషీ కావాలి. ఖాళీగా ఉన్న పనిని అడుగుతున్నారు మీరు, దయ అడగడం లేదు. పైవారి దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉండాలి. మీరు నేర్పిన జట్టు తిరస్కరించిన ముక్కలు ఎన్ని, నేర్పని జట్టు ఎన్ని. నాణ్యత విభాగంలో ఉన్నారు, ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది.

అరవై దాటిన మాస్టారు:
బయట బోధించాలన్నా దారులు ఉన్నాయి. ఐటీఐలో బోధకుడిగా వెళ్లాలంటే సీఐటీఎస్ అనే ఏడాది శిక్షణ ధ్రువపత్రం అడుగుతారు. దాన్ని నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లు ఇస్తాయి. మనకు దగ్గరివి చెన్నై గిండీలో, హైదరాబాద్ విద్యానగర్‌లో ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో అధ్యాపకుడు కావాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. డిప్లొమా వారు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఉద్యోగం చేస్తున్నవారి కోసం అనువైన వేళల్లో డిగ్రీ నడపడానికి సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 2023లో కళాశాలలకు వీలు కల్పించింది. మన దగ్గర ఏ కళాశాల ఆ తరగతులు నడుపుతోందో వెళ్లి కనుక్కో. ప్రైవేటు ఐటీఐలో జీతం ఇప్పుడున్నదానిలో సగం కూడా రాకపోవచ్చు, అది మనసులో పెట్టుకో.

మెస్సు అక్క:
నేను మామూలుగా చదివి ఊరుకుంటాను. ఈసారి ఒక మాట అనక తప్పదు. తిరుపతి బైరాగిపట్టెడలో పోటీ పరీక్షల పిల్లలకు మెస్సు నడుపుతున్నాను. రేణిగుంట రైలు తమ్ముడూ, నీ మొదటి పోస్టులో అమ్మ ఉంది, పాప ఉంది, ఇంటి రుణం ఉంది, తోట పెట్టిన స్నేహితుడు కూడా ఉన్నాడు. నీ భార్య లేదు. ఆమె ఏమంటోంది?

నోటిఫికేషన్ ఎప్పుడు:
మెస్సు అక్కా, మీరేనా! మీ సాంబారు తింటూనే ఇది చదువుతున్నాను.

అన్నయ్య చర్చలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా బాధ వేరు. డీఎడ్ చేశాను. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, నాకు రాలేదు. టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది, అక్కడే వెనకబడ్డాను. ఇంట్లో 'ఇంకెన్నాళ్లు' అంటున్నారు. చదవడం మానేస్తే ఇన్నాళ్లు చేసింది వృథా అనిపిస్తుంది, మానకపోతే వయసు పోతుందనిపిస్తుంది. మీరు తృప్తి గురించి మాట్లాడుతున్నారు, నేను ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉన్నాను.

మెస్సు అక్క:
గుర్తుపట్టాను, మూల బల్ల అమ్మాయివి. పెరుగు వద్దంటావు.

ఇన్నేళ్లుగా ఎందరో పిల్లలను చూశాను. ఉద్యోగం వచ్చినవారు, రానివారు, ఇద్దరూ నా బల్లల దగ్గరే తిన్నారు. ఎక్కువగా నలిగిపోయేది పొద్దస్తమానం గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. సాయంత్రం రెండు గంటలు ట్యూషన్ చెప్పేవారు, ఏదో దుకాణంలో లెక్కలు రాసేవారు పరీక్ష పోయినా తిండి మానరు. వాళ్ల చేతిలో సొంత డబ్బు నాలుగు రూపాయలు ఉంటుంది, వాళ్లను 'టీచర్' అని పిలిచేవాడు ఒకడు ఉంటాడు. నువ్వు కూడా సాయంత్రాలు పిల్లలకు చెప్పు. టెట్ మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయి. ఇంటివారికి 'ఇంకెన్నాళ్లు' అంటే ఒక నోటిఫికేషన్ పేరు చెప్పు, తేదీ చెప్పకు. మన చేతిలో లేని తేదీ చెప్పి మాట పోగొట్టుకోవద్దు.

అరవై దాటిన మాస్టారు:
అమ్మాయీ, ఒక విషయం నీకు కలిసివచ్చేదే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఒకటి నుంచి ఐదు తరగతులు బోధించే పోస్టులకు బీఎడ్ వారికి అర్హత లేదు. నీ డీఎడ్‌కు పోటీ తగ్గింది. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. మార్కులు మెరుగుపరచుకోవడానికి మళ్లీ రాయవచ్చు.

రేణిగుంట రైలు:
మెస్సు అక్క ప్రశ్న చదివాక నిన్న రాత్రి మాట్లాడాను. మా ఆవిడ ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెబుతుంది. ఆమెకూ డీఎడ్ ఉంది. పెళ్లికి ముందు టెట్ కూడా పాసైంది. నా సంగతంతా విని ఆమె ఒక్కటే అడిగింది: 'మీరు మానడం గురించి ఇన్నిసార్లు చెప్పారు. నేను మొదలుపెట్టడం గురించి ఎప్పుడు అడుగుతారు?'

నా దగ్గర జవాబు లేదు. పాప పుట్టినప్పటి నుంచి ఆమె డీఎస్సీ పుస్తకాలు అటక మీద ఉన్నాయట. పాత సిలబస్ అనుకుంటాను.

రాత్రి డ్యూటీ:
ఇదీ అసలు విషయం. ఒక ఇంట్లో ఇద్దరూ ఒకేసారి ప్రయోగాలు చేయలేరు. ఇప్పటిదాకా మీ వంతు అయింది. మీరు ఉద్యోగంలో ఉండండి, ఆమె చదవనివ్వండి. ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం వస్తే మీరు ఐటీఐకి వెళ్లినా, సగం జీతమైనా, ఇల్లు నిలబడుతుంది. మామిడి తోట అన్న చెప్పలేదా, పలమనేరు జీతం మీదే తోట నిలబడిందని.

మామిడి తోట:
చెప్పాను. ఆ మాట మా ఆవిడకు కూడా చదివి వినిపించాను, సంతోషించింది.

అలిపిరి మెట్టు:
'చదవనివ్వండి' అని ఊరుకుంటే సరిపోదు. సాయంత్రం వంట ఎవరు, పాప హోంవర్కు ఎవరు, అమ్మగారిని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషి 'నువ్వు చదువుకో' అంటే అది ఆశీర్వాదం అవుతుంది గానీ సాయం కాదు.

రేణిగుంట రైలు:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. లెక్కల చిట్టా గారి కాగితం పనిచేసింది, సగం. నేను నేర్పిన జట్టులో కొలత తప్పిదాల వల్ల తిరస్కరించిన ముక్కలు తక్కువని చూపించాను. మా విభాగాధిపతి వెంటనే ఒప్పుకోలేదు, 'మరి నివేదికలు ఎవరు రాస్తారు?' అన్నారు. చివరకు వచ్చే జట్టు అప్రెంటిస్‌లకు కొలత పరికరాల శిక్షణ నాకు అధికారికంగా ఇచ్చారు. వారంలో కొన్ని పూటలు దానికే. నివేదికల్లో కొన్ని జూనియర్‌కు వెళ్లాయి. జీతం పెరగలేదు. బస్సు అలాగే ఉంది. ఆదివారం వంట నాది, మిగతా రోజుల సంగతి ఇంకా తేలలేదు. అమ్మ మాత్రం 'మగవాడు వంటింట్లో ఏమిటి' అని రోజూ అంటోంది. మా ఆవిడ నవ్వి ఊరుకుంటోంది, పుస్తకం మాత్రం మూయడం లేదు.

ఎన్‌పీటెల్‌లో తయారీ రంగానికి సంబంధించిన ఒక కోర్సులో చేరాను. బస్సులో వింటున్నాను. శ్రీకాళహస్తి వచ్చేసరికి నిద్రపోతున్న మాట కూడా నిజమే.

కలం పట్టిన చేయి:
శ్రీకాళహస్తిలో మేలుకుంటే మా వీధి వైపు ఒకసారి చూడండి, గుడ్డలు ఆరేసి ఉంటాయి.

నోటిఫికేషన్ ఎప్పుడు:
అన్నయ్యా, వదిన గారికి పాత పుస్తకాలతో పని జరగదు. పాఠ్యపుస్తకాలు మారాయి, ఇప్పుడున్న పుస్తకాలు ముందు చదవాలి. నా దగ్గర మెథడాలజీ నోట్సు ఉంది, నేనే రాసుకున్నది. జిరాక్సు తీయించి ఇస్తాను. నేను సాయంత్రాలు కొర్లగుంటలో ట్యూషన్ మొదలుపెట్టాను, నలుగురు పిల్లలు. వదిన గారు ఆదివారం వస్తే ఇద్దరం కలిసి పాత ప్రశ్నపత్రాలు చేయవచ్చు. ఒక్కదాన్నే చేస్తుంటే తప్పులు దొరకడం లేదు.

మెస్సు అక్క:
ఆదివారం మధ్యాహ్నం రెండు తర్వాత మెస్సు హాలు ఖాళీ. ఫ్యాను ఉంది, బల్లలు ఉన్నాయి. అక్కడ కూర్చోండి. పాపను కూడా తీసుకురమ్మను, మా మనవడు ఉంటాడు.

రేణిగుంట రైలు:
చెప్పాను అక్కా. ఈ ఆదివారమే వస్తుంది. పాపను నేను చూసుకుంటాను, వంట అయ్యాక పార్కుకు తీసుకెళ్తాను.

లెక్కల చిట్టా:
ఇంకొక్క పని మిగిలింది. భవిష్యనిధి ఖాతాలో ఈ-నామినేషన్ చేశారా? పెళ్లికి ముందు చేరినవారిలో చాలామందికి ఇప్పటికీ తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి. ఆధార్‌కు జోడించిన ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటే పది నిమిషాల పని. భార్య ఫొటో అడుగుతుంది, చిన్న సైజుది సిద్ధంగా ఉంచుకోండి.